ఒక తీగ, పది కౌంటర్లు: రైల్వే రిజర్వేషన్‌లో మోడెమ్ కథ

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరాలో షాలిమార్ స్టేషన్ ఉంది. ఒకప్పుడు హౌరా స్టేషన్ నుంచి బయలుదేరిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు షాలిమార్ నుంచి బయలుదేరి ఖరగ్‌పూర్, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరుతుంది. ఆ రైల్లో షాలిమార్ నుంచి బెర్తు కావాలని విజయవాడ కౌంటర్లో అడిగినా క్షణాల్లో టికెట్టు చేతికొస్తుంది. ఇది ఎలా సాధ్యమైంది?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్‌లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. కంప్యూటర్లు రాకముందు వారు పండక్కి సొంతూరు వెళ్లిరావడం చిన్న పని కాదు. బెర్తుల లెక్క రిజిస్టర్లలో ఉండేది. తిరుగు ప్రయాణానికి అవతలి స్టేషనుకు తంతి పంపి, జవాబు కోసం ఎదురుచూడాలి.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత కోల్‌కతా, ముంబై, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు వచ్చాయి. పెద్ద కంప్యూటర్ కేంద్రంలో ఉంటే, దూరపు కౌంటర్లలో తెర, కీబోర్డు ఉన్న టెర్మినళ్లు ఉండేవి. వాటిని కలిపింది టెలిఫోన్ తీగ. కానీ ఆ తీగ మనిషి గొంతు కోసం ఏర్పడింది. దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల ధ్వనులనే మోస్తుంది. అందుకే ఇవతలి మోడెమ్ సున్నాలను, ఒకట్లను ఆ పరిధిలోని సంకేతాలుగా మార్చి పంపితే, అవతలి మోడెమ్ వాటిని తిరిగి అంకెలుగా మారుస్తుంది.

కౌంటరుకో తీగ వేస్తే ఖర్చు భరించలేం. ఇక్కడ మల్టీప్లెక్సర్ ఆదుకుంది. ఒక క్లర్కు ప్రయాణికుడి పేరు అడుగుతున్నప్పుడు ఆయన టెర్మినల్ ఖాళీగానే ఉంటుంది కదా! ఆ సందులో పక్క కౌంటరు అక్షరాలు వెళ్తాయి. ఎవరి అక్షరాలు ఎవరివో తెలిసేలా వాటికి కౌంటరు గుర్తు జతవుతుంది. లెక్క చూడండి: వేగం సెకనుకు 9600 బిట్లు, అక్షరానికి 10 బిట్లు అయితే సెకనుకు 960 అక్షరాలు. 80 అక్షరాల వరుసలు 24 ఉన్న నిండు తెరకు రెండు సెకన్లు చాలు. టెర్మినల్, మల్టీప్లెక్సర్ ఒకే వేగానికి అమర్చకపోతే మాత్రం తెర మీద పిచ్చి గీతలే! లోపం తీగలోనా, యంత్రంలోనా తెలియాలంటే, పంపిన సంకేతాన్నే వెనక్కి తిప్పి చూసే లూప్‌బ్యాక్ పరీక్ష చేస్తారు.

అయినా అయిదు కేంద్రాలూ అయిదు దీవులే. సికింద్రాబాద్ కంప్యూటర్‌కు కోల్‌కతా బెర్తుల సంగతి తెలియదు. 1986లో ఏర్పడిన రైల్వే సమాచార సంస్థ 'క్రిస్' ఇందుకు 'కాన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్ రూపొందించింది. అది 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమలైంది. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. మిగిలింది ఒకే బెర్తు. రెండు ఊళ్ల నుంచి ఇద్దరు అడిగారు. ముందు చేరిన అభ్యర్థన పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆ బెర్తుకు తాళం వేస్తుంది. అధికారి అడిగాడా, కూలీ అడిగాడా అన్నది ఆ తాళానికి తెలియదు.

మీ ఇంట్లో నాలుగు ఫోన్లు ఒకే వైఫై రౌటర్‌ను వాడుకుంటున్నాయంటే, అక్కడా ఇదే సూత్రం. ఉన్న ఒక్క దారిని వంతులవారీగా పంచుకుంటే అందరికీ చోటుంటుంది.