యుద్ధం ఇచ్చిపోయిన కార్డు: రేషన్ పుట్టుపూర్వోత్తరాలు

1915 మొదట్లో బెర్లిన్‌లో రొట్టె కొనడానికి వెళ్లినవాళ్లు డబ్బుతోపాటు ఒక కార్డు కూడా చూపించాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అప్పటికి ఆరు నెలలు. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధించడంతో జర్మనీకి బయటి ధాన్యం రావడం గగనమైంది. పొలాలకు వేసే నైట్రేటు ఎరువు కూడా ఆగిపోయింది. మనిషికి ఇంత రొట్టె అని కార్డు మీద లెక్క కట్టారు. అయితే కార్డు ఉన్నదాన్ని పంచగలదు గానీ లేని తిండిని పుట్టించలేదు. 1916లో బంగాళదుంప పంట దెబ్బతిన్నాక, ఆ చలికాలమంతా జర్మన్లు పశువులకు వేసే టర్నిప్ దుంపలు తిని బతికారు. సరుకుల ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తుంటే బ్రిటన్ కూడా 1918లో రేషన్‌కు దిగక తప్పలేదు.

రెండో యుద్ధానికి బ్రిటన్ ముందే సిద్ధపడింది. 1939 సెప్టెంబరు 29న దేశమంతటా ఇంటింటి లెక్క తీసి, ఆ లెక్క ఆధారంగా మనిషికో రేషన్ పుస్తకం ఇచ్చారు. 1940 జనవరి 8 నుంచి వారానికి మనిషికి వెన్న 110 గ్రాములు, పంచదార 340 గ్రాములు. ప్రతి కుటుంబం ఒక కొట్టులో పేరు రాయించుకోవాలి. అక్కడ ఎన్ని పేర్లుంటే కొట్టుకు అంత సరుకే వస్తుంది. తూకం వేసిచ్చాక కొట్టువాడు పుస్తకంలోని కూపను కత్తిరించుకుంటాడు, లేదా దాని మీద ముద్ర కొడతాడు. గర్భిణులకు, పసిపిల్లలకు వేరే పుస్తకం ఉండేది. దాని మీద పాలు, నారింజ రసం ముందుగా వాళ్లకే అందేవి. యుద్ధం గెలిచాక కష్టం తీరిందా అంటే అదీ లేదు. యుద్ధం నడిచినన్నాళ్లూ ఎంతైనా దొరికిన రొట్టె 1946 జులైలో కార్డు మీదికి ఎక్కి రెండేళ్లు అక్కడే ఉంది. మాంసం మీద రేషన్ పోయేసరికి 1954 జులై వచ్చింది. గెలిచిన దేశం గతే అది.

మన దేశానికి రేషన్ వచ్చిన దారి వేరు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఏటా బర్మా నుంచి వచ్చే పది లక్షల టన్నులకు పైబడిన బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకోవడానికి అక్కడికి వెళ్లిన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఏ రాష్ట్రానికా రాష్ట్రం ధాన్యం పొలిమేర దాటకుండా ఆపుకుంది.

బెంగాల్‌లో జరిగింది ఇంకా ఘోరం. జపాన్ సైన్యం వస్తే దాని చేతికి చిక్కకూడదని ప్రభుత్వం తీర ప్రాంతపు పడవలను స్వాధీనం చేసుకుంది, పగలగొట్టింది. పడవ పోతే జాలరికి బతుకే పోయినట్టు. అదే ఏడాది అక్టోబరులో తుపాను మిడ్నాపూర్‌ను ముంచెత్తింది. బియ్యం ధర ఆకాశాన్ని అంటింది. కలకత్తాలో యుద్ధ సామగ్రి తయారుచేసే మిల్లుల కార్మికులకు, ఉద్యోగులకు యాజమాన్యాలే చౌకగా బియ్యం ఇప్పించాయి. ఆ బియ్యం పండించిన పల్లెల్లో కూలీలు, జాలర్లు, చేతివృత్తులవాళ్లు కొనలేక చచ్చిపోయారు. ప్రభుత్వ విచారణ సంఘం చెప్పిన లెక్క 15 లక్షలు. తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా అన్నారు. ఆ కరువును బాలుడిగా కళ్లారా చూసిన ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకంలో చెప్పింది ఇదే: తిండి ఉండటం ఒకటి, అది మనిషికి అందటం మరొకటి.

1943లో ఆర్థికవేత్త గ్రెగరీ అధ్యక్షతన ఆహారధాన్యాల విధాన సంఘం కూర్చుంది. లక్ష జనాభా దాటిన నగరాల్లో రేషన్ పెట్టమంది. పెద్దవాళ్లకు రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ఇవ్వమంది. పూర్తిస్థాయి రేషన్ ఆ ఏడాదే బొంబాయిలో మొదలైంది. కలకత్తాకు చేరేసరికి 1944 జనవరి ఆఖరు. అప్పటికే పల్లెలు వల్లకాడయ్యాయి. నా దృష్టిలో రేషన్ చరిత్రలో అతి ముఖ్యమైన సంగతి ఇదే. ఈ దేశంలో ఆ కార్డు పుట్టింది నిరుపేద కోసం కాదు. యుద్ధం సాగడానికి ఏ నగరాలు పనిచేయాలో ఆ నగరాల కోసం.

యుద్ధం ముగిసినా కార్డు పోలేదు సరికదా, 1946లో రోజు కోటా ఒక పౌను నుంచి 12 ఔన్సులకు తగ్గింది. సరుకుల మీద ప్రభుత్వం పెట్టిన కంట్రోళ్లు లంచాలనూ బ్లాక్ మార్కెట్‌నూ పెంచుతున్నాయని గాంధీజీ గట్టిగా వాదించారు. 1947 డిసెంబరులో ఎత్తేశారు. ధరలు భగ్గుమనడంతో మరుసటి ఏడే మళ్లీ పెట్టారు. కోస్తా, రాయలసీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1952లో ముఖ్యమంత్రి రాజాజీ తెగించి కంట్రోళ్లు తీసేశారు. పోయిందనుకున్న రేషన్ కరువులొచ్చిన ప్రతిసారీ తిరిగొచ్చింది. ధాన్యం కొని నిల్వచేయడానికి 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడ్డాక ఇక స్థిరపడిపోయింది.

కార్డు అసలు స్వభావం మారింది మాత్రం మన దగ్గర, 1983లో. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడంతో పల్లెలోని కూలి ఇంటికి కార్డు ఆస్తి అయింది. ఖర్చెక్కువని విమర్శించినవాళ్లు చాలామందే. కానీ పనిలేని రోజున కూడా పొయ్యి వెలిగిందంటే ఆ బియ్యం చలవే. 2013 ఆహార భద్రతా చట్టం పల్లెల్లో 75 శాతం దాకా, పట్టణాల్లో 50 శాతం దాకా జనానికి ధాన్యాన్ని హక్కుగా చేసింది. 1943 నాటి లెక్క తలకిందులైంది. పేరున్న కొట్టులోనే సరుకు తీసుకోవాలన్న యుద్ధకాలపు నియమం కూడా సడలింది. వేలిముద్ర వేసి పొరుగు రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటును 2019 ఆగస్టులో తొలిగా ప్రయోగించిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి.

అయినా రెండు సంగతులు మరిచిపోకూడదు. గ్రెగరీ సంఘం చెప్పిన పౌను లెక్కన పెద్ద మనిషికి నెలకు పదమూడున్నర కిలోలు రావాలి. నేటి చట్టం చాలా కుటుంబాల్లో మనిషికి ఇస్తున్నది 5 కిలోలు. మిగతాది బజారులో కొనుక్కోవాలి. ఇక హక్కుదారుల సంఖ్యను ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే కడుతున్నారు. ఆ తర్వాత పెరిగిన జనం ఆ లెక్కలోకే రాలేదు. బెంగాల్‌లో చచ్చిపోయినవాళ్లు కూడా లెక్కలో లేనివాళ్లే. కొత్త జనగణన పూర్తయ్యేదాకా ఆగకుండా, అర్హులై ఉండీ కార్డు లేనివాళ్ల పేర్లను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ, కేంద్రమూ ఇప్పుడే చేర్చాలి.