సూరత్ రేవుకు వచ్చిన రెండు ఓడలు



రోగం అనగానే మనకు సూక్ష్మక్రిములు గుర్తుకొస్తాయి. 1994లో సూరత్‌ను వణికించిన ప్లేగు అలాంటిదే. కానీ ఏ క్రిమీ లేకుండానే వేలాది ప్రాణాలు తీసిన వ్యాధి ఒకటుంది. దాని కథ కూడా సూరత్ రేవుకు వచ్చిన రెండు ఓడలతో ముడిపడి ఉంది.

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలుల కాలంలో ప్రధాన రేవు పట్టణం. 1608లో విలియం హాకిన్స్ 'హెక్టర్' ఓడలో ఇక్కడికి వచ్చాడు. 1612లో థామస్ బెస్ట్ 'రెడ్ డ్రాగన్' ఓడలో వచ్చాడు. ఈ రెండు ఓడలూ 1601లో ఈస్టిండియా కంపెనీ తొలి యాత్రలో కలిసి బయలుదేరినవే. ఆ యాత్రకు నాయకుడైన జేమ్స్ లాంకాస్టర్, తాను ప్రయాణించిన రెడ్ డ్రాగన్ నావికులకు రోజూ పరగడుపున మూడు చెంచాల నిమ్మరసం ఇచ్చాడు. హెక్టర్‌తో సహా మిగిలిన మూడు ఓడల్లో ఆ ఏర్పాటు లేదు. ఆఫ్రికా దక్షిణ తీరం చేరేసరికి ఆ ఓడలవారికి లంగరు వేసే ఓపిక కూడా లేదు. రెడ్ డ్రాగన్ నావికులే వెళ్లి సాయపడ్డారు.

వారికి వచ్చిన జబ్బు స్కర్వీ. చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది, పళ్లు కదులుతాయి, మానిన పాత గాయాలు మళ్లీ తెరుచుకుంటాయి. ఎందుకిలా?

మన శరీరం బయట ఎలా ఉన్నా లోపలి పరిస్థితులను దాదాపు స్థిరంగా ఉంచుకుంటుంది. ఎండ మండిపోతున్నా చెమట పట్టించి, ఉష్ణోగ్రతను 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుతుంది. వాల్టర్ కానన్ 1926లో దీనికి 'హోమియోస్టాసిస్' అని పేరు పెట్టాడు. మనం సమతాస్థితి అందాం. విటమిన్ సి విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. తక్కువైతే తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. అయితే అసలు రాబడే లేనప్పుడు పొదుపు ఎన్నాళ్లు కాపాడుతుంది? నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసం తిన్న నావికులకు నిల్వ అయిపోయింది. చర్మాన్ని, చిగుళ్లను, రక్తనాళాలను పట్టి ఉంచే కొల్లాజెన్ సరిగా తయారు కాలేదు. అదే ఓడలోని ఎలుకలకు ఈ బెడద లేదు. అవి విటమిన్ సిని తమ కాలేయంలోనే తయారు చేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు.

మందు 1601లోనే చేతికందింది. 1747లో జేమ్స్ లిండ్ 12 మంది రోగులపై ప్రయోగం చేసి నిమ్మ, నారింజల గుణాన్ని చూపాడు. అయినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని నియమంగా ఇవ్వడం 1795లో గానీ మొదలుకాలేదు. చెడుగాలి, తేమ, సోమరితనం కారణమని ఎందరో నమ్మారు. ఒంట్లోకి చేరిన చెడు కోసం వెతికారు గానీ, చేరని మంచి కోసం వెతకలేదు. ఆ ఆలస్యానికి మూల్యం నావికుల ప్రాణాలు.

అసాంక్రమిక వ్యాధులన్నీ లోపం వల్లే రావు. నల్గొండ జిల్లాలో తాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడ్ ఎముకలను వంచింది. అది అతి వల్ల వచ్చిన కీడు. ఇన్సులిన్ తగ్గినా, సరిగా పనిచేయకపోయినా మధుమేహం వస్తుంది. కొన్ని జబ్బులు వంశపారంపర్యం. ఇవి ఒకరి నుంచి ఒకరికి అంటవు. కాబట్టి ఇలాంటి రోగం ఎదురైనప్పుడు "ఎవరి నుంచి అంటుకుంది?" అని కాక, "ఏ సమతుల్యం తప్పింది, ఎందుకు తప్పింది?" అని అడగడం నేర్చుకోండి.