స్విస్ వాచీలూ, మచ్చ బొల్లారం వాచీలూ

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో స్విస్ వాచీల పిచ్చి మామూలుగా లేదు. బోనస్ రాగానే ఒమేగా, ఆన్‌సైట్ వెళ్ళొస్తే రోలెక్స్. ఇంకాస్త ముదిరినవాళ్ళు పాత, అరుదైన మోడళ్ళ వేటలో పడతారు. ఎవరి డబ్బు వాళ్ళిష్టం అనుకోండి. కాకపోతే ఆ ధరల వెనకున్న చరిత్ర పక్కన మన మచ్చ బొల్లారం కథ పెట్టి చూస్తే ఓ సంగతి అర్థమవుతుంది.

1969 డిసెంబర్ 25న జపాన్ కంపెనీ సైకో 'ఆస్ట్రాన్' అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. బ్యాటరీతో నడిచే ఈ రకం, కీ ఇచ్చే వాచీకన్నా ఎన్నో రెట్లు కచ్చితం. పోనుపోను చవకైంది కూడా. దెబ్బకి స్విస్ పరిశ్రమ కుదేలైంది. 1970లో దాదాపు 90 వేల మంది పనిచేసిన చోట, 1980ల మధ్యకొచ్చేసరికి సుమారు 30 వేల మంది మిగిలారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1981లో, హైదరాబాద్ ఆల్విన్ అదే సైకో సహకారంతో వాచీలు మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ అల్వాల్ పక్కన మచ్చ బొల్లారంలో. 1942లో నిజాం హయాంలో పుట్టి, ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ చేసిన ఆల్విన్ ఇదే. అంటే స్విస్ వాళ్ళని పడగొట్టిన వస్తాదే మనకి గురువన్నమాట! 1987లో 'ఆల్విన్ ట్రెండీ' వాచీల ప్రకటనకి సంగీతం చేసిన కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు.

మరి ఎవరు నిలిచారు? ఆల్విన్ వాచీలు 1990ల్లో ఆగిపోయాయి. అటు స్విట్జర్లాండ్‌లో, 1980ల మొదట్లో జాన్ క్లోద్ బివేర్, జాక్ పిగే కలిసి మూలనపడ్డ 'బ్లాంపా' అనే పాత పేరుని 22 వేల ఫ్రాంకులకి కొన్నారు. మేం క్వార్ట్జ్ చెయ్యం, చేత్తోనే చేస్తాం అని ప్రచారం చేసుకున్నారు. 1992లో ఆ పేరు, దానితోపాటు మెషిన్లు చేసే కంపెనీ కలిపి సుమారు 6 కోట్ల ఫ్రాంకులకి అమ్ముడయ్యాయి. 2019లో ఒక పటెక్ ఫిలిప్ వాచీ జెనీవా వేలంలో 3.1 కోట్ల ఫ్రాంకులు పలికింది. టైం చూసుకోడానికైతే అంత పెట్టరు కదా.

అంత ధర ఉత్తి మాటలకే రాలేదు. పనివాళ్ళ నైపుణ్యం పోకుండా కాపాడుకున్నారు, రికార్డులు దాచుకున్నారు. పాత పటెక్ తీసుకెళ్తే అది ఏ ఏడు తయారైందో, ఎప్పుడు అమ్ముడైందో కంపెనీ పుస్తకాల్లోంచి తీసి రాసిస్తుంది. ఆల్విన్ వాచీకి అలా అడుగుదామంటే అసలు కంపెనీయే లేదు. టెక్నాలజీ అరువు తెచ్చుకోవచ్చు గానీ, పేరూ జ్ఞాపకం మాత్రం ఎవరిది వాళ్ళే నిలబెట్టుకోవాలి. అవతలివాళ్ళ ప్రోడక్టుల మీద బతికే మన ఫీల్డుకి ఇది బాగానే వర్తిస్తుంది.

స్విస్ వాచీలు కొనేవాళ్ళు నిరభ్యంతరంగా కొనండి. ఇంట్లో బీరువా అడుగున నాన్నగారి ఆల్విన్ ఉంటే మాత్రం డయల్ మార్పించకండి, రంగు వేయించకండి. బిల్లో వారంటీ కార్డో దొరికితే దాంతోపాటే దాచండి. మచ్చ బొల్లారం ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దవాళ్ళెవరైనా తెలిస్తే, ఓ పూట కూర్చుని వాళ్ళు చెప్పేది రాసిపెట్టుకోండి. అక్కడి లెక్కల పుస్తకం ఇప్పుడు వాళ్ళే.