గల్వాన్ వీరుల్లో మన సోరెన్

గల్వాన్ వీరుడెవరని చీరాల హాస్టల్లో మన పిల్లల్ని అడిగితే కల్నల్ సంతోష్ బాబు పేరు చెబుతారు. తెలుగువారిగా మనకది గర్వకారణం. అదే రాత్రి, ఆయన పటాలంలోనే ప్రాణమిచ్చిన ఒక ఆదివాసీ పేరు కూడా మన యువతకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఆయన నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్.

సూర్యాపేటకు చెందిన సంతోష్ బాబు విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. 2004లో సైన్యంలో అధికారిగా చేరి, 16 బిహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. సోరెన్‌ది ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా. సంతాల్ బిడ్డ. బిహార్ రెజిమెంట్‌లో మొదటినుంచీ ఆదివాసీలు ఎక్కువ. ఆ రెజిమెంట్ యుద్ధ నినాదాల్లో ఒకటి 'బిర్సా ముండా కీ జై'. 1900లో రాంచీ జైల్లో కన్నుమూసిన మన బిర్సా పేరు తలచుకునే ఆ జవాన్లు ముందుకు దూకుతారు.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులు మనవాళ్లపై దాడి చేశారు. ఒప్పందాల ప్రకారం సరిహద్దులో తుపాకీ పేల్చకూడదు. రాళ్లు, పదునైన ఆయుధాల మధ్య, గడ్డకట్టే చలిలో చేతులతోనే పోరాడారు. తీవ్రంగా గాయపడినా సంతోష్ బాబు ముందుండి నడిపించారు. సోరెనే తన దళానికి నాయకుడని గుర్తించిన శత్రువులు ఆయన్ని గురిపెట్టి కొట్టారు. వెనక్కి రమ్మన్నా ఆయన రాలేదు. తుదిశ్వాస వరకు పోరాడారు. ఆ రాత్రి 20 మంది భారత సైనికులు అమరులయ్యారు.

సంతోష్ బాబుకు మహావీర చక్ర, సోరెన్‌కు వీర చక్ర మరణానంతరం ప్రకటించారు. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో అవి రెండవది, మూడవది. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ఇరు కుటుంబాలూ వాటిని అందుకున్నాయి.

యానాది, ఎరుకల, సుగాలి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సాహసానికి కులం, తెగ అడ్డురావని ఒకే పటాలానికి చెందిన ఈ ఇద్దరూ చూపించారు. సంతోష్ బాబు చదివిన సైనిక్ స్కూళ్లలో ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఇప్పుడు ఆడపిల్లలు కూడా రాయవచ్చు. మీ ఇంట్లో అయిదో తరగతి చదివే బిడ్డ ఉంటే దరఖాస్తు దగ్గరుండి నింపించండి. ఏటా జూన్ 15న సంతోష్ బాబుతో పాటు సోరెన్ పేరు కూడా పలుకుదాం.