పాత పాటలు, అదే వరుస

ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేటు దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది. ఎవరి దగ్గరో అడిగి రికార్డు చేయించుకున్నది. పైన నీలం ఇంకుతో "యూటూ" అని మాత్రం రాసుండేది. మొదటి వైపు మూడు పాటలు అయిపోగానే దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పేవాళ్ళం. బ్యాటరీలు అయిపోతాయని పెన్సిల్ దూర్చి మరీ తిప్పేవాళ్ళం. రెండో వైపు ఏముందో మాలో ఎవరికీ పట్టలేదు.

ఆ క్యాసెట్టులో ఉన్నది "ద జాషువా ట్రీ" అనే ఆల్బమ్ అని ఉద్యోగంలో చేరాక గానీ తెలీలేదు నాకు. 2019 డిసెంబర్ 15న నవీ ముంబైలో డీవై పాటిల్ స్టేడియంలో ఆ పాటలు పాడినవాళ్ళే దాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా అదే వరుసలో వాయించారు. రెండో వైపు నేను సరిగ్గా విన్నది ఆ రోజే. అప్పట్నుంచీ ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. ముప్పై ఏళ్ళ నాటి ఆల్బమ్‌ని ఊరూరా తిప్పి వినిపించడం పాత సరుకుని కొత్త ధరకి అమ్ముకోవడమేనా, అంతకంటే ఏమైనా ఉందా?

ముందు కాస్త చరిత్ర చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు రెండు పేరాలు దాటెయ్యొచ్చు :)

1976లో డబ్లిన్‌లోని మౌంట్ టెంపుల్ స్కూల్లో లారీ ముల్లెన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు "బ్యాండు పెడదాం, వాయించేవాళ్ళు కావాలి" అని నోటీసు బోర్డులో కాగితం అంటించాడు. అలా చేరినవాళ్ళలో చివరికి మిగిలింది నలుగురు: డ్రమ్స్ మీద లారీ, బేస్ మీద ఆడమ్ క్లేటన్, గిటార్ మీద ఎడ్జ్, గొంతు బోనో. ఎవరూ మారకుండా ఆ నలుగురే నలభై ఏళ్ళు దాటి కలిసి ఉండటం రాక్ సంగీతంలో దాదాపు వింత. మన ప్రాజెక్టు టీముల్లో నలుగురు నాలుగేళ్ళు కలిసుంటేనే గొప్ప కదా.

1985లో లైవ్ ఎయిడ్ కచేరీతో వీళ్ళ పేరు బాగా పైకొచ్చింది. అదే ఏడు బోనో, అతని భార్య ఇథియోపియా వెళ్ళి కరువు శిబిరంలో కొన్ని వారాలు పనిచేశారు. 1986లో మధ్య అమెరికా వెళ్ళి నికరాగువా, ఎల్ సాల్వడార్ చూసొచ్చారు. ఒకపక్క అమెరికా అంటే మోజు, దాని సంగీతం అంటే, ఎడారి అంటే ప్రాణం. ఇంకోపక్క అదే అమెరికా ఇచ్చిన డబ్బుతో, ఆయుధాలతో ఎల్ సాల్వడార్‌లో పల్లెల మీద బాంబులు పడటం కళ్ళారా చూసిన కోపం. ఆ రెంటి మధ్య నలిగిన పదకొండు పాటలే జాషువా ట్రీ. బ్రయన్ ఈనో, డానియెల్ లన్వా కలిసి నిర్మించారు. 1987 మార్చి 9న విడుదలైంది. రెండున్నర కోట్లకి పైగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది.

సరే, అసలు విషయానికొద్దాం. పాటల వరుస.

ఆల్బమ్ దాదాపు పూర్తయ్యాక ఏ పాట తర్వాత ఏ పాట రావాలో వీళ్ళకి తేలలేదట. ఆ పాటల్లో కొన్నిటిని మిక్స్ చేసిన స్టీవ్ లిల్లీవైట్ భార్య కిర్స్టీ మెకాల్, తనూ గాయనే. ఆవిడకి ఆ పని అప్పజెప్పారు. మొదట "వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్" రావాలి, చివర "మదర్స్ ఆఫ్ ద డిసపియర్డ్" రావాలి. ఇవి రెండే షరతులు. మిగతావన్నీ ఆవిడ తనకి నచ్చిన వరుసలో పేర్చేసింది, బాగా నచ్చినవి ముందు, తర్వాతవి తర్వాత. దాంతో ఆల్బమ్‌లోని మూడు పెద్ద హిట్లూ మొదటి మూడు పాటలైపోయాయి. మా హాస్టల్లో క్యాసెట్టు తిరగెయ్యకపోవడానికి కారణం ఇదన్నమాట.

ఇంట్లో కూర్చుని వినేవాడికి ఈ వరుసతో ఇబ్బందేమీ లేదు. కానీ స్టేడియం కచేరీకి ఇది పెద్ద తలనొప్పి. ఏ కచేరీలోనైనా జనం ఎదురుచూసే పాటలు చివరికి దాచుకుంటారు. ఇక్కడేమో అవి మొదటి పావుగంటలో అయిపోతాయి. ఆ తర్వాత ఎనిమిది పాటలు, అందులో సగం నెమ్మదైనవి, చివరిది ఏకంగా శోకగీతం. యాభై వేలమంది కూర్చున్న చోట ఇలాంటి కార్యక్రమాన్ని బుద్ధున్నవాడెవడూ డిజైన్ చెయ్యడు. 1987 నాటి యాత్రలో వీళ్ళు కూడా చెయ్యలేదు. ఆల్బమ్ పాటల్ని అక్కడక్కడా కలిపి పాడారు తప్ప ఆ వరుసని పట్టుకు కూర్చోలేదు.

2017లో పట్టుకు కూర్చున్నారు. నిజానికి అప్పటికి వేరే కొత్త ఆల్బమ్ సిద్ధమవుతోంది. 2016 నవంబర్‌లో అమెరికా ఎన్నికల ఫలితం వచ్చాక, ఆ పాటలు మారిన పరిస్థితికి సరిపోతాయా అని దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టారు. ఎలాగూ జాషువా ట్రీకి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయి. 2017 మే 12న వాంకూవర్‌లో మొదలుపెట్టి అక్టోబర్ దాకా 51 కచేరీలు చేశారు. దాదాపు 27 లక్షల టిక్కెట్లు, 31 కోట్ల డాలర్ల పైచిలుకు వసూళ్ళు. ఆ ఏడాది ప్రపంచంలో అంత సంపాదించిన యాత్ర ఇంకోటి లేదు. 2019 నవంబర్ 8న ఆక్లండ్‌లో మళ్ళీ మొదలుపెట్టి ఇంకో 15 చేశారు. అందులో చివరిదే మన ముంబైది. భారతదేశంలో వాళ్ళ మొదటి కచేరీ కూడా అదే.

ఈ అంకెలు చూస్తే "ఇంకేముంది, డబ్బుకోసమే" అనేయొచ్చు. డబ్బుకోసం కాదని నేనూ అనను. 2022 నుంచి మన పాత సినిమాల రీ-రిలీజుల సందడి చూస్తూనే ఉన్నాం. అందులో అభిమానమూ ఉంది, వ్యాపారమూ ఉంది. అయితే వీళ్ళకి డబ్బే కావాలంటే అన్ని హిట్లూ కలిపి పాడితే సరిపోయేది. పనిగట్టుకుని ఎవరూ అడగని రెండో వైపు మొత్తం ఎందుకు పాడటం?

వరుస సమస్యని వాళ్ళు పరిష్కరించిన తీరు నాకు భలే నచ్చింది. వేదిక వెనక రెండొందల అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల ఎత్తు ఎల్ఈడీ తెర. కానీ మొదట్లో దాన్ని ముట్టుకోరు. నలుగురూ జనం మధ్యలోకి పొడుచుకొచ్చిన చిన్న వేదిక మీదికి వచ్చి, 1987కి ముందు పాటలు కొన్ని మామూలు దీపాల వెలుగులోనే పాడతారు. ఆ చిన్న వేదిక ఆకారం చెట్టు నీడ. ఆ తర్వాత పెద్ద వేదికకి నడుస్తారు, తెర మొత్తం ఎర్రగా మండుతుంది, మధ్యలో నల్లగా చెట్టు, మొదటి పాట అందుకుంటుంది. అంటే హిట్లని చివరికి నెట్టకుండా ఆ క్షణాన్నే కచేరీకి శిఖరం చేశారు. ఆల్బమ్ ముగిశాక 1987 తర్వాతి పాటలు. వరుస ముట్టుకోకుండా, దానికి ముందొక అరుగు, వెనకొక అరుగు కట్టారన్నమాట. పాత కోడ్‌ని ముట్టుకోకూడదు, కానీ కొత్త సిస్టంలో నడవాలి అన్నప్పుడు మనం చేసేదీ ఇదే కదా.

అన్నట్టు ఆ మొదటి పాట పుట్టుక కూడా చిత్రమే. దాన్ని సరిచెయ్యడానికి ఎంత కాలం పట్టిందంటే, విసిగిపోయిన ఈనో టేపు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెడదామనుకున్నాడట. అక్కడున్న ఇంజనీరు అడ్డుపడకపోతే పోయేదే. బ్యాకప్ విలువ తెలియాలంటే ఇంతకంటే కథ అక్కర్లేదు.

ఇక రెండో వైపు సంగతి.

"రెడ్ హిల్ మైనింగ్ టౌన్" 1984-85లో బ్రిటన్ బొగ్గుగని కార్మికుల సమ్మె నేపథ్యంలో రాసిన పాట. సమ్మె ఓడిపోయి, గనులు మూతపడి, ఊళ్ళూ కాపురాలూ చితికిపోయిన కాలం. ఒకప్పుడు దీన్ని విడిగా సింగిల్‌గా తెద్దామని వీడియో కూడా తీశారు. కానీ ఆ ఎత్తు స్వరాలు వేదిక మీద ప్రతి రాత్రీ పాడటం బోనో వల్ల కాలేదు. అలా పక్కన పెట్టిన పాట ముప్పై ఏళ్ళపాటు ఒక్క కచేరీలోనూ వినబడలేదు. మొదటిసారి జనం ముందుకొచ్చింది 2017లోనే. ఆల్బమ్ మొత్తం పాడతామని మాటిచ్చారు గనక ఇక తప్పించుకోడానికి లేదు. తెర మీద ఇత్తడి వాద్యాల బృందాన్ని చూపిస్తూ, స్వరం కాస్త దించి పాడారు. అరవైకి దగ్గరపడుతున్న గొంతులో ఆ పాటకి 1987లో లేని బరువు వచ్చింది.

"వన్ ట్రీ హిల్" వెనకున్నది గ్రెగ్ క్యారల్ అనే మావోరి కుర్రాడు. 1984లో ఆక్లండ్ వెళ్ళినప్పుడు పరిచయమై, బోనోని ఆ ఊళ్ళోని వన్ ట్రీ హిల్ అనే కొండ మీదికి తీసుకెళ్ళాడు. తర్వాత వీళ్ళతోనే పనిలో చేరాడు. 1986 జులైలో డబ్లిన్‌లో బోనో మోటార్ సైకిల్ తెస్తూ ప్రమాదంలో చనిపోయాడు. 2019లో యాత్ర ఆ ఆక్లండ్‌లోనే మొదలైంది. ఇంకో సంగతి. కొండకి పేరు తెచ్చిన ఆ ఒంటి చెట్టు 1994లో రంపపు దెబ్బలు తిని, 2000లో పూర్తిగా తొలగించబడింది. కాలిఫోర్నియాలో డార్విన్ అనే ఊరి దగ్గర, ఆంటన్ కార్బైన్ ఫోటోల్లో బ్యాండు వెనక నిలబడ్డ జాషువా చెట్టు కూడా సుమారు 2000 ప్రాంతంలోనే కూలిపోయింది. రెండు చెట్లూ లేవు. పాటలు ఉన్నాయి.

"ఎగ్జిట్" కథ ఇంకా చీకటి. 1989లో రెబెకా షేఫర్ అనే నటిని ఒక ఉన్మాది కాల్చి చంపాడు. 1991లో విచారణ జరిగినప్పుడు ఈ పాట ప్రభావం తన మీద ఉందన్నాడు. కోర్టులో పాట వినిపించారు కూడా. 1989 తర్వాత ఆ పాటని బ్యాండు వేదికెక్కించలేదు. 2017లో మళ్ళీ పాడారు. దానికి ముందు తెర మీద 1958 నాటి ఒక అమెరికన్ కౌబాయ్ సీరియల్ ముక్క వేశారు. అందులో ట్రంప్ అనే పేరుగల మోసగాడు ఊరి జనాన్ని భయపెట్టి, గోడ కడితే బతికిపోతారని నమ్మిస్తుంటాడు. కల్పించింది కాదు, నిజంగానే 1958లో తీసింది!

చివరి పాట "మదర్స్ ఆఫ్ ద డిసపియర్డ్". అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం మాయం చేసిన పిల్లల కోసం తల్లులు 1977 నుంచి బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాజా దె మాయోలో గుమిగూడేవారు. ఎల్ సాల్వడార్‌లోనూ అలాంటి తల్లులే. పాట నడుస్తుంటే తెర మీద కొవ్వొత్తులు పట్టుకున్న స్త్రీలు. ఆ రాత్రి నా పక్కనున్న కుర్రాడు అప్పటిదాకా ఫోన్లో రికార్డు చేస్తున్నవాడు, ఫోన్ దించేశాడు. కాసేపటికి ఇంకో పాటలో లోకం మార్చిన స్త్రీల బొమ్మలు వేస్తూ గౌరీ లంకేశ్ ముఖం చూపించారు. 2017 సెప్టెంబర్‌లో బెంగుళూరులో తన ఇంటి ముందే హత్యకి గురైన జర్నలిస్టు. బెంగుళూరులో ఉద్యోగం చేసిన మనలాంటివాళ్ళకి ఆ వార్త వచ్చిన రాత్రి గుర్తుండే ఉంటుంది. ఎక్కడి అర్జెంటీనా తల్లులు, ఎక్కడి మన ఊరు అనుకోడానికి లేకుండా పోయింది. రహమాన్ తన కూతుళ్ళతో వచ్చి "అహింస" అనే పాట పాడింది కూడా ఆ రాత్రే. ఆ మాటకి అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

మన భాషలో చెప్పాలంటే ఈ యాత్ర ఒక పెద్ద రిగ్రెషన్ టెస్టు. 1987లో రాసిన పదకొండు పాటల్ని 2017, 2019ల్లో మళ్ళీ నడిపి చూశారు. అన్నీ పాసయ్యాయి. కాకపోతే మన టెస్టులు పాసైతే సంతోషిస్తాం. ఇక్కడ మాత్రం కొన్ని ఫెయిలై ఉంటే బాగుండేదనిపించింది. బాంబుల గురించి రాసిన పాట, మాయమైన పిల్లల గురించి రాసిన పాట, మూతపడిన పనుల గురించి రాసిన పాట. ఇవి ముప్పై ఏళ్ళకి పాతబడిపోయి, "అప్పట్లో ఇలా ఉండేదట" అని పిల్లలకి వివరించాల్సి వస్తే ఎంత బాగుండేది! పాట పాతబడకపోవడం పాటకి గొప్పే. లోకానికి మాత్రం అన్నిసార్లూ మంచి వార్త కాదు.

ప్రేమ పాటలు, హిట్లు మాత్రం పాడుకుని ఇళ్ళకి పంపేస్తే ఈ సంగతి తెలిసేది కాదు. క్యాసెట్టు తిరగెయ్యనివాళ్ళ కోసమే వాళ్ళు దాన్ని అందరి ముందూ తిరగేశారు. ఇదే బ్యాండు తర్వాత 2023 సెప్టెంబర్ నుంచి 2024 మార్చి దాకా లాస్ వేగస్‌లోని స్ఫియర్‌లో "అఖ్టుంగ్ బేబీ" ఆల్బమ్ పెట్టుకుని 40 కచేరీలు చేసింది. వీపు ఆపరేషన్ వల్ల లారీ లేడు, డ్రమ్స్ మీద వేరొకరు కూర్చున్నారు. స్ఫియర్ తెర ముందు ముంబైలో చూసింది చిన్నబోతుంది. అయినా నేను ఎంచుకోమంటే ముంబైదే ఎంచుకుంటా.

తిరిగొచ్చాక ఆ పాత రూమ్మేటుకి ఫోన్ చేసి చెప్పా. అంతా విని, "అవున్రా, ఆ క్యాసెట్టు రెండో వైపు అసలు ఆ పాటలున్నాయంటావా?" అన్నాడు. నిజమే, మేమెప్పుడూ చూడలేదు.