కెటలిటిక్ కన్వర్టరు: అతితాపము
ఇంజనునుండి వెలువడు విషవాయువులను ప్లాటినము, పల్లేడియము, రోడియముల సాన్నిధ్యమున నిరపాయములుగా మార్చు కెటలిటిక్ కన్వర్టరు, ఏదేని సిలిండరున స్పార్కు తప్పి దహనము కాని పెట్రోలు లోనికి వచ్చి అచటనే మండినపుడు, ఎఱ్ఱగా కాగును; తాపము మితిమీఱినచో లోని పింగాణి జాలకమే కరగిపోవును. 1989లో వెలువడిన ఫెరారీ 348 కారులో కన్వర్టరు గల రకములయందును, 1994 నాటి ఎఫ్355 యందును రెండు సిలిండరు వరుసలకును వేఱువేఱు కన్వర్టర్లు, ఉష్ణమును గ్రహించు థర్మోకపుల్లు, వాని సంకేతమును చదువు ఎలక్ట్రానిక్ పెట్టెలు నున్నవి. తాపము మితిమీఱినపుడు ఈ పెట్టెలు వెలిగించు 'స్లో డౌన్' దీపము కనబడిన తక్షణమే వేగము తగ్గింపవలెను. అయినను ఈ ప్రాతబండ్లలో ఆ పెట్టెలే చెడి దీపము వృథాగా వెలుగుట మిక్కిలి సామాన్యము. కుడియెడమల పెట్టెలను తారుమారు చేయగా దోషము రెండవ వైపునకు మాఱినచో పెట్టెయే కారణము. మాఱనిచో థర్మోకపులును, ప్లగ్గులను, కాయిలును, ఆక్సిజన్ సెన్సారును పరీక్షింపవలెను. తీగ తెంచి దీపము నార్పుట అగ్నిప్రమాదమునకు దారితీయవచ్చును.