ఒక చీర, ఎన్ని అరలు? ఆన్‌లైన్ దుకాణంలో చేనేత వర్గీకరణ

గద్వాల చీరను ఏ అరలో పెట్టాలి? సంప్రదాయ గద్వాలలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే కలుపుతారు. సుంకాల కోసం 1988లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ హెచ్.ఎస్. పట్టికలో పట్టుది 50వ అధ్యాయం, నూలుది 52వ అధ్యాయం. రెండూ కలిసిన బట్టయితే ఏ పోగు బరువు ఎక్కువో దాని కిందికే చేరుతుంది. నూలు బరువే ఎక్కువున్న గద్వాల చీర ఆ లెక్కన నూలుబట్ట. కొనడానికి వచ్చినామె మాత్రం దాన్ని పట్టుచీరల్లో వెతుక్కుంటుంది.

దుకాణం మెనూలో పట్టు, కాటన్, పోచంపల్లి, ఇక్కత్, పెళ్ళిచీరలు, కొత్తగా వచ్చినవి అన్నీ ఒకే వరసలో కనబడటం మామూలు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మొదటి రెండూ ముడిసరుకు పేర్లు, మూడోది ఊరు, నాలుగోది పని, అయిదోది సందర్భం, చివరిది కాలం. పోచంపల్లి పట్టు ఇక్కత్ చీర వీటిలో అయిదు చోట్ల ఇముడుతుంది. ఒక్కచోటే పెడితే మిగతా దారుల్లో వచ్చేవారికి దొరకదు. అరలకింద అరలు పేర్చుకుంటూ పోయినా లాభం లేదు. చేనేతలో ఒక్కో రకానికి నాలుగైదు చీరలే ఉంటాయి. మూడు మెట్లు దిగేసరికి అర ఖాళీ.

ఈ ముడిని విప్పే దారి గ్రంథాలయ శాస్త్రంలో ఎప్పుడో ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ లండన్‌లో చదువుకుంటున్న రోజుల్లో, సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో మెకానో బొమ్మలను చూశారు. అవే ముక్కలను బిగించే తీరు మారిస్తే కొత్త బొమ్మ తయారవుతుంది. 1933లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణకు బీజం అదే. పుస్తకానికి ముందే ఒక స్థానం కట్టిపెట్టకుండా, దాని ముఖాలను విడివిడిగా గుర్తించి కూర్చడం ఆ పద్ధతి ప్రాణం. అంగడిలో తట్టిన ఆలోచన దశాబ్దాల తర్వాత అంగడికే అక్కరకు రావడం నాకెంతో ఇష్టమైన విషయం. అయితే గ్రంథాలయంలో పుస్తకం చివరికి ఒక బీరువాలోకి చేరక తప్పదు. తెరమీది చీరకు ఆ నిర్బంధం లేదు. ముడిసరుకు, నేత, ఊరు, రంగు, ధర దేనికది నమోదైతే చాలు, ఏ వైపునుంచి వచ్చినా అదే చీర ఎదురొస్తుంది.

మన చీరల పేర్లు మాత్రం అంత తేలిగ్గా విడిపోవు. పోచంపల్లి అన్నది ఊరి పేరే అయినా, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాల మీద నేసిన ఇక్కత్ కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతుంది. ఉప్పాడ అనగానే జాందానీ గుర్తొస్తుంది, కానీ జాందానీ వెంకటగిరిలోనూ ఉంది, ఢాకాలోనూ ఉంది. కాబట్టి ఊరు, నేత వేర్వేరు గడుల్లో ఉండాలి. వాడుకపేరు మూడో గడిలో, గద్వాల, గద్వాల్ వంటి రూపభేదాలతో సహా.

ఇక సందర్భం. బట్టల కొట్టులో గుమాస్తా చీర విప్పకముందే అడుగుతాడు: "పెళ్ళికామ్మా, పెట్టుబడికా? ఎంతలో చూపించమంటారు?" పెట్టుబడి చీర అనేదొక నేతరకం కాదు. అది చీర గుణం కానేకాదు, కొనేవారి అవసరం. అందుకే దాన్ని వర్గంగా కట్టేయకూడదు. ఏరి కూర్చిన వరసగా ఉంచి, అవసరాన్నిబట్టి మారుస్తుండాలి. కానీ మొదటి తెర మీద మాత్రం గుమాస్తా అడిగిన ఆ రెండు ప్రశ్నలే కనబడాలని నా అభిప్రాయం. కొనేవారి మనసులో మెదిలే క్రమం అదే.

అన్నిటికన్నా నన్ను బాధించేది అచ్చుచీరల సంగతి. మరమగ్గం బట్టమీద ఇక్కత్ నమూనాను అచ్చొత్తి, "పోచంపల్లి" వర్గంలోనే అమ్మకానికి పెడతారు. పోచంపల్లి ఇక్కత్ భౌగోళిక గుర్తింపు పొందిన పేరు. 1999 నాటి చట్టం అలాంటి పేర్లకు రక్షణ కల్పిస్తుంది. వర్గం పేరు కూడా సరుకు గురించి ఇచ్చే హామీయే. నేత అన్న గడిని తప్పనిసరి చేసి, అందులో "అచ్చు" అని నిజం రాయిస్తే, ఇక్కత్ ఎంచుకున్నవారి కళ్ళకు ఆ చీర కనబడదు. నేయకముందే పోగులను కట్టలు కట్టి, ముడులు వేసి, రంగుల్లో ముంచి తీసిన చీర, గంటల్లో వేలమీటర్లు అచ్చుపడిన బట్ట పక్కన ధరలో పోటీకి నిలబడాల్సిన అవసరం అప్పుడు ఉండదు.